నా చేతి బొట్టు

కోనసీమలో శుభలేఖ ఇచ్చినంత మాత్రాన పెళ్ళికి పిలిచినట్టు కాదు. శుభలేఖ పోస్టులో కూడా వస్తుంది, కరెంటు బిల్లూ అలాగే వస్తుంది. పెళ్ళివారి తరఫున ఒక ముత్తయిదువ గుమ్మం ఎక్కి, ఆ ఇంటి ఇల్లాలిని పీట మీద కూర్చోబెట్టి, నుదుట బొట్టు పెట్టి, "ఇంటిల్లిపాదీ రావాలండి" అని నోటితో చెబితేనే అది పిలుపు. అది జరగకపోతే పెళ్ళికి రారు సరికదా, మనవల కాలం దాకా గుర్తు పెట్టుకుంటారు. మా వైపు అన్నదమ్ముల గొడవల్లో సగం చేలగట్ల దగ్గర మొదలైతే, మిగతా సగం ఈ బొట్టు దగ్గరే మొదలయ్యాయి.

ఆ బొట్టు పెట్టే పని నేను చేశాను. మా సొంత పెళ్ళిళ్ళకు కాదు, పరాయివాళ్ళ పెళ్ళిళ్ళకు, డబ్బు పుచ్చుకుని. అది 2002 వేసవి. ఆ పనికి కావలసిన అర్హత ఒక్కటే, నా మొగుడు బతికి ఉండడం.

మా ఆయన అమ్మిరాజు గారు కొత్తపేట దగ్గర మా ఊళ్ళోనూ, చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉత్తరాలు పంచేవారు. అందరూ ఆయన్ని పోస్టుగారనేవారు. పేరుకి పోస్టుమానేగాని అది పెన్షన్ లేని రకం ఉద్యోగం. ఆ సంగతి చేరేటప్పుడే తెలుసు. కానీ పాతికేళ్ళ వయసులో సైకిలు మీద ఈల వేసుకుంటూ వెళ్ళే మనిషికి, తనకీ ఒకనాటికి అరవై అయిదు వస్తాయని ఎక్కడ తోస్తుంది? ఆఖరి రోజున ఒక దండ, ఒక శాలువా, ఒక చెక్కు ఇచ్చి పంపించారు. దాచుకున్నదంతా అంతకుముందే తొంభై ఆరు తుఫానులో ఎగిరిపోయిన ఇంటి కప్పుకు పెట్టేశాం. పెరట్లో కొబ్బరిచెట్లున్నాయి, వాటి కాయలతో ముసలితనం వెళ్ళిపోతుందిలే అనుకునేవాళ్ళం. తుఫాను వాటినీ వరసాగ్గా పడుకోబెట్టేసింది. ప్రభుత్వంవారి ముసలి పింఛను కోసం తిరగ్గా తిరగ్గా నెలకి డెబ్బై అయిదు రూపాయలు వచ్చింది. ఆయనకి షుగరు. ఆ డబ్బుకి ఇన్సులిన్ సీసా కూడా రాదు. అమ్మాయి సత్యప్రియ కొత్తపేటలోనే ఉంటుంది, అల్లుడు టైలరు, వాళ్ళ బతుకు వాళ్ళదే. అప్పుడప్పుడు ఒక సీసా తెచ్చి, వాళ్ళ నాన్న చూడకుండా బియ్యం డబ్బా మీద పెట్టి వెళ్ళిపోయేది.

ఈ పిలుపుల పని ఎలా వచ్చిందంటే, మా ఊళ్ళో ఒక మోతుబరి ఇంట్లో పెళ్ళి నిశ్చయమయ్యాక ఇల్లాలు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. తోడికోడళ్ళు హైదరాబాదులో, ఆడపడుచులు ఎక్కడెక్కడో. చుట్టాలేమో గోదావరికి ఇటూ అటూ వందల ఇళ్ళు. "పోస్టుగారికి తెలీని గుమ్మం లేదు గదా, ఆయన దారి చూపిస్తారు, వాళ్ళావిడ వీరాయమ్మ గారి చేత బొట్టు పెట్టించండి" అని ఎవరో సలహా ఇచ్చారు. మేం మొహమాటానికి వెళ్ళాం. ఆఖరున చీర, పంచె, ఒక కవరూ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి ఆ కవరు విప్పి ఇద్దరం రెండుసార్లు లెక్కపెట్టాం. ఆయన మందులు రెండు నెలలకు సరిపోయేటంత ఉంది అందులో.

ఆ తర్వాత నోటి మాట మీద ఇంకొకరు, వాళ్ళని చూసి మరొకరు. చైత్రం వచ్చేసరికి మా చేతిలో నాలుగు పెళ్ళిళ్ళు. మా ఊరి లాజరు ఆటో పెళ్ళివారే కట్టించేవాళ్ళు. పొద్దున్నే నేను పట్టుచీర కట్టుకుని కుంకుమ భరిణె పట్టుకుని, ఆయన ఉతికిన పంచె కట్టుకుని శుభలేఖల సంచీ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరితే, నిజంగా మా ఇంట్లోనే పెళ్ళేమో అన్నట్టుండేది.

"ఇప్పుడెళ్ళే ఇంట్లో అత్తగారే పెత్తనం. కోడలికి ముందు పెట్టేవు, ఇద్దరికీ తంపులు పెట్టినట్టవుద్ది" అని ఆటోలోనే ఆయన పాఠం చెప్పేవారు. ఎవరింట్లో ఎవరు పెద్ద, ఎవరికి ఎవరితో మాటల్లేవు, ఎవరి ముందు ఎవరి పేరు ఎత్తకూడదు, అన్నీ ఆయనకి తెలుసు. నలభై ఏళ్ళు వాళ్ళ ఉత్తరాలు మోసిన మనిషి, చదివిపెట్టమంటే సగం ఇళ్ళలో చదివిపెట్టిన మనిషి.

"మీకు ఇన్ని గుర్తుంటాయి గాని, పంచదార వెయ్యద్దని చెప్పడం మటుకు గుర్తుండదు" అనేదాన్ని నేను.

అదే వచ్చిన చిక్కు. పిలవడానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగకుండా లేచిపోతే ఆ ఇంటికి అవమానం. వద్దంటే "మా ఇంట్లో తాగకూడదేంటండీ?" అంటారు. షుగరుందని చెబితే, "ఒక్కరోజుకి ఏమవదులెండి" అని మరో చెంచా వేస్తారు. మందుల కోసం పిలుపులకి వెళ్ళడం, పిలుపుల్లో కాఫీలు తాగడం, ఆ కాఫీలకి మళ్ళీ మందులు. ఈ చక్రంలో పడి తిరుగుతున్నామని నాకు తెలుసు. కానీ పడకుండా ఉండే దారి ఏదీ కనిపించలేదు.

ఒకరోజు ఆత్రేయపురంలో ఒక ఇంటికి వెళ్ళాం. వరండాలో ఒక పెద్దావిడ చాటలో బియ్యం చెరుగుతోంది. నా చేతిలో భరిణె చూడగానే, మేమేమీ అనకముందే చాట తీసుకుని లోపలికి జరిగిపోయింది. మొగుడు పోయినావిడ. కోడలొచ్చి పీట వేసుకుని కూర్చుంది, నేను బొట్టు పెట్టాను. మా ఆయన మటుకు శుభలేఖ కోడలి చేతికి ఇవ్వకుండా, తలుపు దాకా వెళ్ళి, "పెద్దమ్మగారూ, మీరూ తప్పకుండా రావాలండి" అని ఆవిడ చేతికే ఇచ్చారు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఉన్నట్టుండి, "నేనున్నంతవరకే వీరా నీకీ పని. నేను పోయిన రోజున నీ చేతి బొట్టుకి విలువుండదు. డెబ్బై అయిదూ నా పేరునే వస్తాంది, అదీ ఆగిపోద్ది" అన్నారు.

"బాగానే ఉంది బేరం. అయితే నా ఉద్యోగం కోసమైనా పదికాలాలు బతకండి" అన్నాను. ముందు సీట్లో లాజరు హారను కొట్టాడు, రోడ్డు మీద ఎవరూ లేకపోయినా.

చైత్రం ఆఖరులో జొన్నాడ వెళ్ళాం. వంతెన దాటి అవతల, ఆ ఊళ్ళో మాణిక్యం గారి ఇల్లు. ఆవిడ సంగతి మా ఆయన ముందే చెప్పారు. పట్టింపుల మనిషి. పిలుపులో అక్షరం తేడా వచ్చినా ఊరుకోదు. సగం తాలూకా ఆవిడకి చుట్టాలు, మిగతా సగం ఆవిడంటే భయపడేవాళ్ళు. భర్త పాపారావు గారు నెమ్మదస్తుడు. వాళ్ళది పెద్దిల్లు, లోపల కొబ్బరితోటలో ఉంది. మరిదిగారి కొత్త డాబా, అదే చిన్నిల్లు, రోడ్డు మీదే ఉంది.

"ముందు పెద్దిల్లు, తర్వాతే చిన్నిల్లు" అని ఆయన ఆటోలో రెండుసార్లు చెప్పారు. తీరా మేం దిగేసరికి, ఆ చిన్నింటావిడ వరండాలోంచే చూసి ఎదురొచ్చేసింది. "రండి రండి, ఎండనపడి వచ్చేరు" అంటూ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

"పెద్దింటికెళ్ళి వచ్చేస్తామండీ" అని ఆయన గుమ్మంలోనే నసిగారు.

"వెళ్దురుగాని, మజ్జిగ తాగండి ముందు" అంటూనే ఆవిడ పీట వాల్చుకుని కూర్చుంది. కూర్చున్న ముత్తయిదువని బొట్టు పెట్టకుండా లేపడం ఎలాగ? పెట్టేశాను.

తోటలోంచి నడిచి పెద్దింటికి చేరేసరికి, ఆ కబురు మాకంటే ముందే చేరింది. మాణిక్యం గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. పొడుగాటి మనిషి, నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు. నేను భరిణె మూత తీయబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగమ్మా. పెద్దిల్లు దాటి, చిన్నింట్లో బొట్టు పెట్టి, అక్కడ మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని నా దగ్గరికి వచ్చేరా?"

"పొరపాటైందండి" అన్నారు మా ఆయన.

"మీది కాదులెండి పొరపాటు, మిమ్మల్ని పంపినోళ్ళది. పెళ్ళివారికి ఇంట్లో మనుషులు కరువయ్యేరా? కూలికిచ్చి పిలిపిస్తన్నారా చుట్టాల్ని?"

పడక్కుర్చీలోంచి పాపారావు గారు పేపరు దించి, "పోనీలేవే, ఎండలో వచ్చేరు" అన్నారు.

"మీరూరుకోండి. ఇవాళ నేను బొట్టు పెట్టించుకోను. రేపు రండి. ముందు నాకు పెట్టి, ఆ తర్వాత దానికి మళ్ళీ పెట్టండి. అప్పుడు పిలిచినట్టు."

"ఆయ్, అలాగేనండి. రేపు వస్తామండి" అని మా ఆయన చేతులు జోడించారు.

వంతెన దాటేదాకా నేను ఉడికిపోతూనే ఉన్నాను. "కూలి అంటాదా? మనం ఆవిడ గుమ్మంలో అడుక్కోడానికి వెళ్ళేమా?" అని గయ్యిమన్నాను.

"ఆవిడన్నదాంట్లో అబద్ధమేముందే? డబ్బు పుచ్చుకుంటే కూలే గదా. ఉత్తరం తప్పింట్లో పడేస్తే తిట్టరా? ఇదీ అంతే" అన్నారాయన నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మర్నాడు లాజరుకి వేరే కిరాయి ఉంది. బస్సులో రావులపాలెం వెళ్ళి, అక్కడ ఇంకో బస్సు పట్టుకుని జొన్నాడలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. కాలువలకి నీళ్ళు కట్టేసిన రోజులు, గాలిలో తడి లేదు. రోడ్డు మీద తారు కరిగి మెరుస్తోంది. బస్సు దిగుతుంటేనే ఆయన చెప్పు పట్టా తెగిపోయింది. రెండు చెప్పులూ తీసి చేత్తో పట్టుకుని నడవడం మొదలుపెట్టారు.

"నా చెప్పులు వేసుకోండి, నేను పక్కన గడ్డిలో నడుస్తాను" అన్నాను.

"ఆడాళ్ళ చెప్పులేసుకుని పెద్దింటికి వెళ్తే, రేపు కూడా రమ్మంటాదావిడ."

"కాళ్ళు కాలట్లేదాండీ?"

ఆయన ఆగి, తన పాదాల వంక చూసుకుని, "చిత్రంగా ఉందే వీరా. నాకేం తెలియట్లేదు. తివాసీ మీద నడిచినట్టుంది" అన్నారు.

నేనూ నవ్వాను. షుగరు మనిషికి పాదాల్లో స్పర్శ పోతుందని అప్పటికి నాకు తెలియదు, ఆయనకీ తెలియదు.

మాణిక్యం గారు ఆ రోజు ప్రసన్నంగా ఉన్నారు. తూర్పు మొహంగా కూర్చుని బొట్టు పెట్టించుకున్నారు. మా ఆయనకి ఇత్తడి గ్లాసు నిండా కాఫీ ఇచ్చి, "మర్యాద అంటే ఇదండీ పోస్టుగారూ" అన్నారు. అందులో పంచదార పాకంలా ఉందని తర్వాత చెప్పారాయన.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే కుడి అరికాలి తోలు గుడ్డలా లేచి వచ్చింది.

మా ఊరి డాక్టరు కృపారావు గారు కట్టు కట్టారు. వారం చూశారు, రెండో వారం చూశారు. పుండు తగ్గకపోగా లోపలికి తిన్నది. "ఇది నా చేతిలో లేదమ్మా. అమలాపురం తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చూపించండి. ఈలోగా కాలు కింద పెట్టనివ్వకండి" అన్నారు.

అప్పటికి ఒక్క పెళ్ళి మిగిలింది. అమలాపురంలో ఎరువుల దుకాణం ఉన్న నరసింహమూర్తి గారి అమ్మాయి లక్ష్మీదుర్గ పెళ్ళి. చాలా పెద్ద పిలుపు. ఆ కవరు వస్తే ఆసుపత్రి ఖర్చు గడుస్తుంది. రాకపోతే ఇల్లు తాకట్టు పెట్టాలి.

"వద్దని కబురంపేద్దామండీ. ఎవర్నో ఒకర్ని అడుగుదాం ఆసుపత్రికి" అన్నాను.

"అడిగితే ఇచ్చేవాళ్ళు ఎవరున్నారే? అయినా బొట్టు పెట్టేది నువ్వు. శుభలేఖ ఎవరిచ్చినా ఒకటే. లాజరు తోడుంటాడు. వైశాఖం దాటగానే ఆసుపత్రికి నేనే ముందు నడుస్తాను, సరేనా?"

"కాలు కింద పెట్టద్దంటే నడుస్తానంటారేంటండీ" అన్నాను. అలా వేళాకోళాల్లో పడి, అసలు మాట తేలకుండానే నేను ఒప్పుకున్నట్టయింది.

రోజూ సాయంత్రం మర్నాటి ఊళ్ళన్నీ నాకు బళ్ళో పిల్లకి చెప్పినట్టు చెప్పేవారు. నేను ఒప్పజెప్పాలి. తప్పు చెబితే మొట్టికాయ వేసేటట్టు చెయ్యి ఎత్తేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మేమిద్దరం అంతసేపు కబుర్లు చెప్పుకున్నది ఆ రోజుల్లోనే అనుకుంటాను.

ఆఖరి రోజు జొన్నాడ, ఆలమూరు వైపు. ఆయన అరుగు మీద గోడకానుకుని కూర్చుని, కాలు ముక్కాలి పీట మీద పెట్టుకున్నారు. పొద్దున్నే మొహం అంతా చెమట.

"ఏంటండీ, అంత చెమట పోస్తాంది?"

"వైశాఖంలో చెమట పొయ్యక మంచు కురుస్తుందేంటి? నువ్వెళ్ళు. జొన్నాడలో ముందు పెద్దిల్లు. గుర్తుందా? ఆ చిన్నావిడ ఎదురొస్తే మొహం తిప్పేసుకో."

"తిప్పేసుకుంటాను" అన్నాను. మజ్జిగ చెంబు ఆయన పక్కన పెట్టి, పక్కింటివాళ్ళకి ఓ కన్నేసి ఉంచమని చెప్పి ఆటో ఎక్కాను. ఆయన చెయ్యి ఊపారు.

జొన్నాడలో నేరుగా తోటలోంచి పెద్దింటికే వెళ్ళాను. చెప్పులు బయట గేటు దగ్గరే వదిలేశాను. మాణిక్యం గారు ఎదురొచ్చారు.

"ఏమ్మా, ఒక్కదానివే వచ్చేవు? పోస్టుగారేరీ?"

"ఆయనకి కాలు బాగాలేదండి. పుండు పడింది."

"ఎలాగ పడింది?"

చెప్పాలనుకోలేదు, నోటికొచ్చేసింది. "మొన్న మీరు మళ్ళీ రమ్మన్నప్పుడండి. బస్సు దిగ్గానే చెప్పు తెగింది. తారు రోడ్డు మీద ఉత్త కాళ్ళతో నడిచేరు. షుగరు కదండీ, కాలినట్టు ఆయనకి తెలీలేదు."

ఆవిడ పీట తెచ్చి వాల్చి, నెమ్మదిగా కూర్చున్నారు. నేను ఎదురుగా గొంతుక్కూర్చుని భరిణె మూత తీశాను. వేలు కుంకంలో పెట్టానో లేదో, లోపల ఫోను మోగింది.

"ఫోనే" అన్నారు పాపారావు గారు పడక్కుర్చీలోంచి.

"ఒక్క నిమిషం" అని ఆవిడ లేచి వెళ్ళారు. ఆవిడ గొంతు గుమ్మం దాకా వినిపిస్తూనే ఉంది. "ఆయ్" అన్నారు. కాసేపటికి మళ్ళీ "ఆయ్" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట లేదు. ఆఖరున, "అయిపోయిందండి అది. ఇందాకే అయిపోయింది" అన్నారు.

వాళ్ళ ఇంటి విషయం ఏదో అనుకున్నాను.

ఆవిడ బయటికొచ్చి గుమ్మంలో ఆగిపోయారు. నన్ను చూడలేదు. పడక్కుర్చీలో ఉన్న భర్తనే చూస్తూ నిలబడ్డారు. ఆయన, "ఎవరే?" అన్నారు. ఆయన కుర్చీలోంచి లేచి, ఆవిడ మొహం చూసి, ఫోనున్న గదిలోకి వెళ్ళారు.

మాణిక్యం గారు వచ్చి పీట మీద కూర్చున్నారు. తూర్పు మొహంగా సర్దుకుని, పైట భుజం మీదకి లాక్కుని, తల ఎత్తారు.

"పెట్టండి వీరాయమ్మ గారూ" అన్నారు. అంతవరకూ నన్ను ఏమ్మా అనే పిలిచేవారావిడ. "పెద్దదిగా పెట్టండి, అందరికీ కనపడేటట్టు."

పెట్టాను. మా ఆయన నేర్పినట్టే చెప్పాను. "అమలాపురం నరసింహమూర్తి గారి అమ్మాయి పెళ్ళండి. ముందురోజే వచ్చి, ఇంట్లో పొయ్యి రాజెయ్యకుండా ఇంటిల్లిపాదీ రావాలండి."

"ఆయ్, వస్తామండి" అన్నారావిడ. కళ్ళు మూసుకునే ఉన్నారు.

లేవబోయాను. "ఉండండి" అని నా చెయ్యి పట్టుకుని, అదే పీట మీద నన్ను కూర్చోబెట్టారు. పసుపు తెచ్చి నా కాళ్ళకి రాశారు. పెద్దింటి ఇల్లాలు వంగి నా కాళ్ళు పట్టుకుంటే ప్రాణం చచ్చిపోయింది. "ఇదేంటండీ, నేను పిలవడానికొచ్చిన మనిషిని" అన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. తన భరిణెలోంచి కుంకం తీసి నా నుదుట పెట్టారు, పాపిట్లో పెట్టారు. దేవుడి పటానికున్న మల్లెచెండు తీసుకొచ్చి నా జడలో తురిమారు. పిన్ను పెట్టడానికి ఆవిడకి చేతకాలేదు.

"పదండి. నేనూ వస్తాను మీతో."

"ఎక్కడికండీ? ఇంకా చిన్నింటికి వెళ్ళాలి నేను."

"దానికి నేను చెప్తాన్లెండి. అక్కర్లేదు."

చిన్నింటికి బొట్టు అక్కర్లేదని మాణిక్యం గారు అనడమా! అప్పుడు చూశాను గేటు వైపు. పాపారావు గారు చొక్కా కూడా వేసుకోకుండా వెళ్ళి లాజరుతో ఏదో చెబుతున్నారు. లాజరు తలకి చుట్టుకున్న తువ్వాలు తీసేసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఏమైందండీ?" అన్నాను.

"మనింటికెళ్దాం పదమ్మా" అన్నారావిడ.

ఆటోలో ఆవిడ నా చెయ్యి వదల్లేదు. వంతెన మీద నుంచి చూస్తే గోదావరి అంతా ఇసకే, ఎక్కడో సన్నటి పాయ. ఆయన రోజూ ఈ వంతెన మీద ఏదో ఒకటి మాట్లాడేవారు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. వంతెన దిగేసరికి నాకు తెలిసిపోయింది. తెలిశాక కూడా జడలో మల్లెపూల వాసన వస్తూనే ఉంది.

మజ్జిగ చెంబు నేను పెట్టినచోటే నిండుగా ఉంది. గోడకి ఆనుకున్నవారు ఆనుకున్నట్టే ఒరిగిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు కృపారావు గారు. నొప్పి తెలిసి ఉండదు, షుగరు మనిషికి అదీ తెలియదు అన్నారు. ఆ మాట నా మీద జాలితో అన్నారో, నిజంగా అన్నారో నాకు ఈనాటికీ తెలియదు. తెలియలేదనే అనుకుంటాను. అలా అనుకోకపోతే బతకలేను.

సత్యప్రియ నన్ను చూసి గొల్లుమంది. నా నుదుటి మీద నిండుగా బొట్టు, జడలో పూలు, కాళ్ళకి పసుపు. పేరంటం నుంచి వచ్చినట్టే వచ్చాను నా మొగుడి శవం దగ్గరికి. మాణిక్యం గారు నా పక్కనే నేల మీద కూర్చున్నారు. ఆయన్ని తీసుకెళ్ళేదాకా కదల్లేదు. ఆవిడ నుదుటి మీద నేను పెట్టిన బొట్టు చెమటకి కారి ముక్కు మీదకి వచ్చినా తుడుచుకోలేదు. వచ్చినవాళ్ళందరూ ఆ బొట్టునే చూశారు.

పదో రోజున నాకు జరగాల్సినవన్నీ జరిగాయి. ఆ తంతు గురించి చెప్పడం నాకిష్టం లేదు. ఇప్పుడు అప్పడాలు ఒత్తుతున్నాను. మినప్పిండి దంచడానికి ముత్తయిదువే కావాలని ఎవరూ అడగరు. గడవడం లేదు, అయినా గడుపుతున్నాను.

పెళ్ళయిన నెలకి నరసింహమూర్తి గారి భార్య వెంకటలక్ష్మి గారు కారులో వచ్చారు. లోపలికి రాలేదు, ఆయన కూర్చునే అరుగు మీదే అంచున కూర్చున్నారు. కవరు నా పక్కన పెట్టారు.

"పెళ్ళి బాగా జరిగిందండి. అమ్మాయి కాపురానికి వెళ్ళిపోయింది. ముందే రావల్సింది, మీకూ మైల గదా అని ఆగేం" అన్నారు.

"పిల్లలు చల్లగా ఉంటే అంతే చాలండి" అన్నాను.

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కాసేపు కూర్చున్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మీరేం అనుకోకండి వీరాయమ్మ గారూ. ఆ రోజు పోస్టుగారికి అలా అయిందని మీ పక్కింటివాళ్ళు మాకు ఫోను చేసేరు. మీరు జొన్నాడలో ఉంటారని తెలుసు గదా, వెంటనే నేనే మాణిక్యం గారికి చేసేను. ఆవిణ్ణి పంపించెయ్యండి, ఆవిడ చేత బొట్టు పెట్టించుకోకండి అని. పెళ్ళిల్లు గదండీ, పిల్ల భవిష్యత్తు గదా... అప్పటికే అయిపోయిందన్నారావిడ. ఇందాకే పెట్టేసేరన్నారు" అన్నారు.

మూత తీసిన భరిణె, కుంకంలో నా వేలు, లోపల ఫోను మోగడం, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. గుమ్మంలో నిలబడి భర్త వంక చూసిన చూపు కూడా.

వెంకటలక్ష్మి గారు నా మొహంలోకి వంగి చూశారు. పాపం, తల్లి మనసు. ఆ ఒక్క సంగతీ తేల్చుకోడానికే అంత దూరం నుంచి వచ్చినట్టుంది.

"నిజంగా ఫోను మోగకముందే పెట్టేసేరా అండీ?"

"ఆయ్" అన్నాను. "ముందే పెట్టేసేనండి."